గ్రహణం మొర్రి బిడ్డకు పాలు పట్టేదెలా?



గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డకు బలానికి ఏదైనా ఖమీరా గానీ, మాజూన్ గానీ చెప్పమని అడిగేవారు ఎక్కువయ్యారు. ఇటీవల ఒక నానమ్మ రాసిన ఉత్తరంలోనూ ఇదే ప్రశ్న. మనవడు పుట్టి 20 రోజులైందట. పెదవీ అంగిలీ రెండూ చీలి ఉన్నాయట. రొమ్ము పట్టడానికి గంటసేపు తంటాలు పడి, అలసి నిద్రపోతాడట. తాగిన కాసిని పాలలో సగం ముక్కులోంచి వచ్చేస్తున్నాయట. పుట్టినప్పటికంటే ఇప్పుడు బరువు తగ్గాడని ఆమె రాశారు. కోడలు గ్రహణం రోజున బయట తిరిగిందని ఇంట్లో మాటలు పడుతోందని కూడా చివర్లో ఒక వాక్యం ఉంది.

అమ్మా, ఈ బిడ్డకు నా దగ్గర మాజూన్ లేదు. ఎవరి దగ్గరా ఉండదు. చీలికను పూడ్చే మందు యునానీలో గానీ, ఇంకే వైద్యంలో గానీ లేదు. దాన్ని సరిచేసేది శస్త్రచికిత్స. అయితే శస్త్రచికిత్సకు బిడ్డ తట్టుకోవాలంటే బరువు పెరగాలి. బరువు పెరగాలంటే పాలు కడుపులోకి వెళ్ళాలి. పెదవి చీలిక వల్ల పసివాడు చనిపోడు. ఆకలి వల్ల, పాలు ఊపిరితిత్తుల్లోకి పోవడం వల్ల ప్రాణం మీదికి వస్తుంది. ఆ రెండింటినీ ఇంట్లో తల్లి, నానమ్మ, అమ్మమ్మ చాలా వరకు ఆపగలరు. మన తిబ్బులో ‘ఇలాజ్ బిల్ గిజా’ అంటే ఆహారంతో వైద్యం. ఈ బిడ్డ విషయంలో అదే మొదటి వైద్యం.

ముందు కోడలి మీద నింద దించండి

తెలుగులో దీనికి ‘గ్రహణం మొర్రి’ అని పేరు పడటమే తల్లులకు అన్యాయం చేసింది. సూర్యచంద్ర గ్రహణాలు ఎవరి చావు కోసమో, పుట్టుక కోసమో రావని మన ప్రవక్త (స) చెప్పిన సంగతి మీకు తెలిసిందే. వైద్యం చెప్పేదీ అదే. కడుపులో శిశువు పై పెదవి సుమారు 4 నుంచి 7 వారాల మధ్య కలుస్తుంది. అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య కలుస్తుంది. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమని కూడా సరిగా తెలియదు. ఆ కలయిక పూర్తికాకపోతే చీలిక మిగిలిపోతుంది. గ్రహణం రోజున కత్తిపీట పట్టుకున్నా, బట్ట చింపినా దానికీ దీనికీ సంబంధం లేదు.

ప్రపంచంలో సుమారు 700 కాన్పుల్లో ఒక బిడ్డ ఇలా పుడుతుంది. వంశపారంపర్యం కొంత కారణం. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు పుట్టుకతో వచ్చే లోపాలు కొన్నిటి అవకాశం పెంచుతాయి. గర్భిణి పొగాకు వాడటం, ఇంట్లో బీడీ సిగరెట్ పొగ పీల్చడం కూడా మంచివి కావు. మూర్ఛకు వాడే కొన్ని మందుల వల్ల కూడా ఈ అవకాశం పెరుగుతుంది. అలాంటి మందులు వాడే స్త్రీ వాటిని తనంతట తాను ఆపకూడదు. గర్భం దాల్చక ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. చాలాసార్లు ఇదీ కారణమని చూపడానికి ఏమీ ఉండదు. మాటలు పడే తల్లి సరిగా తినదు, నిద్రపోదు, పాలు పిండే ఓపిక ఉండదు. ఆ నష్టం నేరుగా బిడ్డకే.

చీలిక ఎక్కడుందో చూడండి

పెదవి మాత్రమే చీలి ఉండవచ్చు. పెదవి, అంగిలి రెండూ చీలి ఉండవచ్చు. పెదవి బాగానే ఉండి లోపల అంగిలి మాత్రమే చీలి ఉండవచ్చు. ఈ మూడోది మోసం చేస్తుంది. ముఖం చక్కగా కనిపిస్తుంది కనుక ఎవరూ గమనించరు. పాలు ముక్కులోంచి వస్తుంటే, బిడ్డ ఎంతసేపు చప్పరించినా కడుపు నిండకపోతే, నోరు తెరిపించి టార్చిలైటు వేసి పైన చివరి దాకా చూడమని నర్సుని గానీ డాక్టరుని గానీ అడగండి.

పాలు ఎందుకు రావంటే, కూల్‌డ్రింకు తాగే గొట్టానికి మధ్యలో చిల్లు పడితే ఎంత పీల్చినా రసం పైకి రాదు కదా, అదే సంగతి. బిడ్డ రొమ్ము పీల్చాలంటే నోట్లో గాలి చొరబడకూడదు. అంగిలి చీలి ఉంటే ముక్కులోంచి గాలి వచ్చేస్తుంది. బిడ్డకు ఆకలి ఉంది, మింగడం వచ్చు. పీల్చడం ఒక్కటే రాదు. కనుక మనం పీల్చే పని తప్పించి, పాలను నోటి దాకా అందించాలి.

పెదవి మాత్రమే చీలిన బిడ్డ చాలావరకు రొమ్ము పాలే తాగగలడు. బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని, చీలిక ఉన్న చోట రొమ్ము మెత్తగా ఆనేలా గానీ, తల్లి బొటనవేలు అడ్డం పెట్టి గానీ గాలిని మూస్తే సరిపోతుంది. అంగిలి చీలిన బిడ్డకు రొమ్ము ఒక్కటే చాలదు. ప్రేమ కోసం, పాలు ఊరడం కోసం కాసేపు రొమ్ముకు పట్టండి. కడుపు నింపడానికి మాత్రం పాలు పిండి పట్టాలి.

ఉగ్గుగిన్నె మళ్ళీ తీయండి

మన పెద్దల ఇళ్ళలో ముక్కు ఉన్న చిన్న ఉగ్గుగిన్నె ఉండేది. తమిళనాడులో ఉన్నవారు ‘పాలాడై’ అంటే గుర్తుపడతారు. నెలలు నిండని పిల్లలకు పెద్దాసుపత్రుల్లో నర్సులు ఈనాటికీ దానితోనే పాలు పడుతున్నారు. అంగిలి చీలిన బిడ్డకు ఇది మంచి సాధనం. స్టీలుది కొనండి. చిలుము పట్టే పాత ఇత్తడి గిన్నె వద్దు. పట్టే పద్ధతి ఇది:

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. గిన్నెను కడిగి, నీళ్ళలో 10 నిమిషాలు మరగనివ్వండి.

2. పాలు చేత్తో పిండి శుభ్రమైన మూత ఉన్న పాత్రలో పట్టండి. రాత్రితో సహా రోజుకు 8 సార్లకు తక్కువ కాకుండా పిండాలి. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంతగా పాలు ఊరుతాయి. పిండిన పాలు చల్లని గదిలో 4 గంటలు ఉంటాయి. మన ఎండాకాలంలో అంతకంటే ముందే వాడేయండి. ఫ్రిజ్ లోపలి భాగంలో పెడితే 4 రోజుల వరకు వాడవచ్చు. తల్లిపాలు పొయ్యి మీద కాచకూడదు. పాత్రను గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే చాలు.

3. బిడ్డను పడుకోబెట్టి పట్టకండి. ఒళ్ళో దాదాపు కూర్చున్నట్టు పట్టుకుని, మెడకూ తలకూ చేయి ఆనించండి. తల వెనక్కి వాలకూడదు.

4. గిన్నె ముక్కును కింది పెదవి మీద, నోటి మూలకు ఆనించి కొద్దికొద్దిగా వంచండి. గుక్క మింగాక రెండో గుక్క. నోట్లోకి ఒంపేయకూడదు. బిడ్డ ఆగితే మీరూ ఆగండి.

5. మధ్యమధ్య భుజాన వేసుకుని తేన్పు తెప్పించండి. ఈ పిల్లలు పాలతో పాటు గాలి ఎక్కువ మింగుతారు.

6. ఒక పూట పాలు 20 నుంచి 30 నిమిషాల్లో ముగియాలి. గంటసేపు పడితే, తాగిన పాల బలమంతా తాగడానికే ఖర్చవుతుంది.

7. ముక్కులోంచి కొన్ని పాలు వస్తే భయపడకండి. ఆగి, మెత్తని బట్టతో తుడిచి, ఇంకాస్త నిటారుగా పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టండి. దగ్గు వచ్చినా, ఉక్కిరిబిక్కిరైనా, రంగు మారినా వెంటనే ఆపేయండి.

8. తాగాక 20, 30 నిమిషాలు నిటారుగానే ఎత్తుకోండి. చీలికలో పాలు నిలవకుండా, కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన బట్టతో మెల్లగా తుడవండి.

మెత్తగా నొక్కితే పాలు వచ్చే ప్రత్యేకమైన సీసాలు కూడా ఈ పిల్లల కోసం ఉన్నాయి. మొర్రి శస్త్రచికిత్సలు చేసే ఆసుపత్రిలో అడగండి. మామూలు పాలసీసా పీకకు సూదితో పెద్ద చిల్లు చేసి పట్టడం మాత్రం ప్రమాదం. పాలు ధారగా వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఎన్ని పాలు? లెక్క ఇదిగో

మొదటి వారం దాటాక బిడ్డకు కిలో బరువుకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్లు కావాలి. 3 కిలోల బిడ్డకు 450 మిల్లీలీటర్లు. 8 సార్లుగా పడితే పూటకు 55, 60 మిల్లీలీటర్లు. మీ ఉగ్గుగిన్నెలో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో మందుల షాపులో దొరికే సిరంజితో ఒకసారి కొలిచి పెట్టుకోండి. అప్పుడు ‘కాసిని తాగాడు’ అనే మాట ఉండదు, ‘ఆరు గిన్నెలు తాగాడు’ అని చెప్పగలరు. గుండె జబ్బు వంటివి ఉన్న బిడ్డకు ఈ లెక్క మారుతుంది. డాక్టరు చెప్పినంతే పట్టాలి.

పుట్టిన మొదటి రోజుల్లో ఏ బిడ్డయినా కొంత బరువు తగ్గడం మామూలే. రెండు వారాలకల్లా పుట్టిన బరువు తిరిగి రావాలి. ఆ తరువాత మూడో నెల వరకు రోజుకు 20 నుంచి 30 గ్రాములు, అంటే వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరగాలి. వారానికి ఒకసారి అంగన్‌వాడీలో గానీ ఆరోగ్య కేంద్రంలో గానీ, ప్రతిసారీ అదే తూకం మీద, బట్టలు లేకుండా తూచి పుస్తకంలో రాయండి. రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తుంటే పాలు అందుతున్నట్టు గుర్తు. ఉత్తరం రాసిన అమ్మా, మీ మనవడికి 20 రోజులు దాటినా పుట్టిన బరువు రాలేదు. ఇది ఉత్తరాలతో తేలే సంగతి కాదు. ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

నోట్లో ఏం పెట్టకూడదు?

ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దు. హకీం నోట ఈ మాట వింతగా ఉండవచ్చు. పెద్దలకు తేనె గొప్ప గిజా, షిఫా. కానీ తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగులో విషాన్ని పుట్టించి కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. బొటులిజం అంటారు. కాచినా ఆ బీజాలు చావవు.

తహ్నీక్ చేయించాలనుకునేవారు డాక్టరును అడిగి, మెత్తగా నలిపిన ఖర్జూరపు రసం తడిని శుభ్రమైన వేలితో కింది పెదవి లోపల తాకిస్తే చాలు. అంగిలి చీలిన బిడ్డకు పైభాగాన ఖర్జూరం గుజ్జు రుద్దకండి. చీలికలో ఇరుక్కుంటుంది, ఊపిరికి అడ్డుపడుతుంది.

ముర్రుపాలు పారబోయకండి. ఈ బిడ్డకు చెవిలో చీము, జలుబు, దగ్గు త్వరగా పట్టే అవకాశం ఎక్కువ. ముర్రుపాలు వాటి నుంచి కాపు కాస్తాయి. ఆరు నెలల వరకు మంచినీళ్ళు, చక్కెర నీళ్ళు, గ్రైప్ వాటర్, జనమ్ ఘుట్టీ ఏవీ అక్కర్లేదు. నిద్రకోసం నల్లమందు కలిపిన ఘుట్టీ పోయడం బిడ్డ ఊపిరి ఆపడమే. లోహ భస్మాలు, కుష్తాలు పసిపిల్లలకు ఎవరు ఇచ్చినా తీసుకోకండి.

తల్లిపాలు చాలకపోతే మన ఇళ్ళలో మేకపాలు పట్టే అలవాటు ఉంది. ఏడాది లోపు మేకపాలు, ఆవుపాలు, గేదెపాలు ప్రధాన ఆహారంగా వద్దు. మేకపాలలో ఫోలిక్ యాసిడ్ చాలా తక్కువ, రక్తహీనత వస్తుంది. రక్తం తక్కువైతే శస్త్రచికిత్స వాయిదా పడుతుంది. డాక్టరు చెబితే డబ్బా పాలపొడి వాడండి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్ళు ఎక్కువ కలపకండి. డబ్బా మీద రాసిన కొలతే కొలత.

పిన్ని గానీ మేనత్త గానీ పాలిస్తామని ముందుకొస్తే మంచిదే. ముందుగా ఆమెకు రక్తపరీక్షలు చేయించండి. పాలిస్తే రజాఅత్ సంబంధం ఏర్పడుతుంది. రేపు వారి పిల్లలతో పెళ్ళి సంబంధం కుదరదు. ఎవరు పాలిచ్చారో ఇంట్లో రాసి పెట్టుకోండి. కొన్ని పెద్దాసుపత్రుల్లో తల్లిపాల బ్యాంకులున్నాయి. ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989లోనే ఇలాంటిది మొదలైంది. బ్యాంకు పాల విషయంలో సందేహం ఉంటే మీ ఆలిమ్‌ను అడగండి. కానీ అడిగి వచ్చేలోగా బిడ్డ ఆకలితో ఉండకూడదు.

తల్లికి ఏం పెట్టాలి?

పథ్యం పేరుతో బాలింతకు కారప్పొడి, మెతుకులు పెట్టి నీళ్ళు తగ్గించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అది మానండి. దాహం తీరా నీళ్ళు, పాలు, పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప, మాంసం అన్నీ పెట్టండి. బార్లీ జావ, మెంతికూర, వెల్లుల్లి, హలీం విత్తనాల హరీరా మన ఇళ్ళలో ఉన్నవే, మితంగా పెట్టండి. కానీ పాలు పెంచే అసలు మందు వేళకు పిండటమే. రాత్రి ఒక పూట నానమ్మ పాలు పడితే తల్లి నిద్రపోగలదు. ఉగ్గుగిన్నెలో ఉన్న లాభం అదే.

ఆరు నెలలు నిండాక

ఈ బిడ్డకూ అందరి పిల్లల్లాగే ఆరు నెలలు నిండగానే ఘనాహారం మొదలుపెట్టాలి. శస్త్రచికిత్స కాలేదని ఆపకూడదు. కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టండి. మెత్తగా నలిపిన పప్పన్నంలో నెయ్యి, రాగిజావ, మెదిపిన అరటిపండు, ఉడికిన గుడ్డు, మెత్తగా నూరిన కోడి కాలేయం మంచివి. చారులా పలచగా ఉంటే ముక్కులోకి వస్తుంది. చెంచా వంచితే వెంటనే జారిపోనంత చిక్కగా ఉండాలి. ఏడాది లోపు ఉప్పు, చక్కెర అక్కర్లేదు. బాదం పెట్టదలిస్తే మెత్తని ముద్దగా నూరి కలపండి. పలుకులు, అటుకులు, వేరుశెనగ గింజలు చీలికలో ఇరుక్కుంటాయి.

కత్తికి భయపడకండి

‘పసివాడి మీద కత్తి పెట్టిస్తామా’ అని వెనుకాడేవారున్నారు. శస్త్రచికిత్స మన తిబ్బుకు పరాయిది కాదు. అబుల్ ఖాసిమ్ జహ్రావీ వెయ్యేళ్ళ కిందట రాసిన ‘తస్రీఫ్’ గ్రంథంలో చివరిదైన 30వ భాగమంతా శస్త్రచికిత్సే.

పెదవికి సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య, అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య శస్త్రచికిత్స చేస్తారు. పెదవి శస్త్రచికిత్సకు చాలాచోట్ల చూసే పాత లెక్క ఒకటుంది: వయసు 10 వారాలు, బరువు సుమారు నాలుగున్నర కిలోలు, హిమోగ్లోబిన్ 10. మీరు పట్టే ప్రతి ఉగ్గుగిన్నె ఆ లెక్క వైపు ఒక అడుగు. పెదవి బాగైంది కదా అని అంగిలిని వదిలేయకండి. ఆలస్యమైతే మాట ముక్కుతో వస్తుంది, బడిలో పిల్లలు వెక్కిరిస్తారు. చెవి పరీక్ష కూడా చేయిస్తుండాలి.

శస్త్రచికిత్స ముందు ఎన్ని గంటలు పాలు ఆపాలో డాక్టర్లు చెబుతారు. ఏడుస్తున్నాడని జాలిపడి చాటుగా పట్టకండి. మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోతుంది. శస్త్రచికిత్స తరువాత ఏం, ఎప్పుడు, ఎలా పెట్టాలో కాగితం మీద రాయించుకోండి. అంగిలి కుట్లు మానేదాకా నోట్లో చెంచా, వేళ్ళు, గట్టి పదార్థాలు పోనివ్వకూడదు.

ఖర్చు గురించి దిగులు వద్దు. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ‘రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం’ కింద పుట్టుక నుంచి 18 ఏళ్ళ వరకు మొర్రి, గుండె లోపాల వంటివి గుర్తించి ఉచితంగా వైద్యం చేయిస్తారు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్త, జిల్లా ఆసుపత్రి ద్వారా వెళ్ళవచ్చు. స్మైల్ ట్రైన్ అనే సంస్థ సాయంతో ఉచిత శస్త్రచికిత్సలు చేసే ఆసుపత్రులు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. యానాం వారికి పుదుచ్చేరి జిప్‌మర్, చెన్నై వారికి ఎగ్మోర్ పిల్లల ఆసుపత్రి తెలిసినవే. భాష తడబడితే, కర్ణాటకలో ‘సీళు తుటి’, తమిళనాడులో ‘ఉదట్టు పిళవు’, మహారాష్ట్రలో ‘దుభంగలేలా ఓఠ్’ అంటే అర్థమవుతుంది. ఒడిశాలో ‘ఓఠ’, ‘తాళు’ అని నోరు చూపిస్తే చాలు.

ఆలస్యం చేయకూడని గుర్తులు

వరుసగా రెండు పూటలు పాలు తాగకపోవడం, మూత్రం తగ్గడం, లేపినా లేవకుండా మగతగా ఉండటం, జ్వరం, ఒళ్ళు చల్లబడటం, ఊపిరి వేగంగా తీయడం, డొక్కలు ఎగరడం, పెదవులు నీలంగా మారడం, పాలు పట్టిన ప్రతిసారీ ఉక్కిరిబిక్కిరవడం, వారం గడిచినా బరువు పెరగకపోవడం. వీటిలో ఏది కనిపించినా పగలైనా రాత్రైనా ఆసుపత్రికి వెళ్ళండి. చీలికతో పాటు గడ్డం బాగా చిన్నగా, వెనక్కి ఉండి ఊపిరిలో గురక శబ్దం వస్తుంటే అసలు ఇంట్లో ఉంచకండి. ఈ పిల్లల్లో కొందరికి గుండె లోపం కూడా ఉంటుంది కనుక మొదటి వారాల్లోనే గుండెను చూపించండి.

ఇలాంటి బిడ్డ గురించి ఈ శీర్షికకు రాసేవారు, పుట్టిన బరువు, ఇవాళ్టి బరువు, రోజుకు ఎన్నిసార్లు ఎన్ని మిల్లీలీటర్లు తాగుతున్నాడో తప్పక రాయండి. ఆ మూడు అంకెలుంటే సలహా చెప్పగలను. అయితే ఉత్తరం పోస్టులో వేసే ముందే బిడ్డను డాక్టరుకు చూపించి ఉండాలి. అల్లాహ్ మీ పిల్లలకు షిఫానివ్వాలని దుఆ చేస్తున్నాను.